ముక్కల డ్యూటీ

ఆ కాలేజీలో ఉద్యోగులకు రెండు సంఘాలున్నాయి. పాఠాలు చెప్పేవాళ్ళది ఒకటి, పాఠాలు తప్ప మిగతా పనులన్నీ చేసేవాళ్ళది ఇంకొకటి. మూడేళ్ళకోసారి యాజమాన్యంతో ఒప్పందం రాసుకోవలసి వచ్చినప్పుడు మాత్రం రెండూ అన్నదమ్ముల్లా బల్లకు ఒకే వైపున కూర్చుంటాయి. మిగతా రోజుల్లో ఒకరు టీ తాగే చోట ఇంకొకరు కప్పు కూడా పెట్టరు.

ఆ రెండో సంఘానికి కార్యదర్శి లైబ్రరీ అక్క. పుస్తకాలిచ్చే కౌంటరు వెనక ఏళ్ళ తరబడి నిలబడటం వల్ల, ఎదుటివాడు నోరు తెరవకముందే వాడు పుస్తకం పారేసుకున్నాడో, బొమ్మలు చించుకున్నాడో ఆమెకు తెలిసిపోయేది. ప్రిన్సిపాలు దగ్గర్నుంచి గేటు కాసేవాడి దాకా అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు, ఒక్క మనిషి తప్ప. ఆ ఒక్కడూ ఆమె మొగుడు.

ఆయనా ఒకప్పుడు ఆ సంఘంవాడే. పరీక్షల విభాగంలో గుమాస్తాగా ఉండేవాడు. సమ్మె అంటే గేటు ముందు నినాదాలిచ్చే గొంతు ఆయనదే. ఆ గొంతు విని ముచ్చటపడే ఆమె పెళ్ళికి ఒప్పుకుంది. కిందటేడు ఆయన్ని అసిస్టెంట్ రిజిస్ట్రారును చేశారు. మర్నాటి నుంచి గొంతు సగానికి పడిపోయింది. నడక మారింది. కొత్త నల్లబూట్లు వచ్చాయి. పొద్దున్నే హాల్లో స్టూలు మీద కూర్చుని, పసిబిడ్డకు ఒళ్ళు తుడిచినంత సుతారంగా వాటిని తుడుచుకునేవాడు.

"కాలేజీలో నన్ను నువ్వు అనకు. పదిమందిలో బాగోదు," అన్నాడు భార్యతో, ఆ ఉద్యోగం వచ్చిన వారంలోనే.

"మరి ఇంట్లో?"

"ఇంట్లో నీ ఇష్టం."

అప్పటినుంచి అక్కకు ఆయన కాలేజీలో సారు, ఇంట్లో నువ్వు. ఆ సంగతి విన్న అత్తగారు, ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసిన పెద్దావిడ, "గడప దాటితే మొగుణ్ణి సారూ అనాలా? ఇంకా నయం, నన్ను మేడం అనమన్నాడు కాదు," అంది.

ఈసారి జీతాల సంగతి తొందరగానే తేలిపోయింది. అడిగినదాంట్లో సగం ఇచ్చారు, ఎప్పుడూ ఇచ్చేది అంతే. పీటముడి పడింది డ్యూటీ దగ్గర. పనులు చేసుకుంటూ చదువుకునేవాళ్ళ కోసం కాలేజీ కొత్తగా సాయంత్రం కోర్సులు మొదలుపెట్టింది. మంచిదే. కానీ అందుకు కొత్తవాళ్ళను తీసుకోవడం యాజమాన్యానికి ఇష్టం లేదు. ఉన్నవాళ్ళ రోజునే రెండు ముక్కలు చేద్దామనుకుంది. పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు. మధ్యాహ్నం ఎటైనా పోయి రావచ్చు, లేదా కాలేజీ గోడ నీడన కూర్చోవచ్చు. దానికి 'వెసులుబాటు పని విధానం' అని పేరు పెట్టారు. పేరు పెట్టింది అక్క మొగుడే. ఒకప్పుడు నినాదాలు కట్టిన బుర్ర మరి, ఊరికే ఉంటుందా. సంఘంవాళ్ళు మాత్రం దాన్ని ముక్కల డ్యూటీ అన్నారు.

చర్చలు సమావేశాల గదిలో జరిగేవి. అద్దంలా మెరిసే కోల బల్ల. అటువైపు మెత్తటి కుర్చీలు, ఇటువైపు పరీక్ష హాల్లోంచి మోసుకొచ్చిన చెక్క కుర్చీలు. నీళ్ళసీసాలు అటువైపే. అటు ప్రిన్సిపాలు, బయటినుంచి పిలిపించిన లాయరు, వాళ్ళకు ఫైళ్ళు అందించడానికి అసిస్టెంట్ రిజిస్ట్రారు. లాయరు నోట్లో ఎప్పుడూ గొంతుబిళ్ళ ఒకటి వేసుకుని చప్పరిస్తుండేవాడు. మొదటి రోజే కరెంటు బాబాయి ఆయనకు చప్పరింపు లాయరని పేరు పెట్టేశాడు. కాలేజీ మొత్తానికి కరెంటు పని చూసే బాబాయి ఇటువైపు మనిషి, అక్కకు కుడిభుజం. ఎడమవైపు పాఠాల సంఘం అధ్యక్షుడు, రాజనీతి చెప్పే ప్రొఫెసరు. టీ చల్లారిందని చెప్పడానికి కూడా లేచి నిలబడి గొంతు సవరించుకునే మనిషి గనక అందరూ ఆయన్ని ఉపన్యాసం మాస్టారంటారు.

"మనమంతా ఒకే కుటుంబం," అని మొదలుపెట్టాడు ప్రిన్సిపాలు.

"చాలా సంతోషం సార్. ఇంటికి పెద్ద మీరేగా, సాయంత్రం డ్యూటీ మీతోనే మొదలుపెడదామా?" అంది అక్క.

ప్రిన్సిపాలు నవ్వి లాయరు వంక చూశాడు. ఆయనకు నవ్వు సొంతదే గానీ జవాబు మాత్రం అద్దెకు తెచ్చుకున్నది.

లాయరు బిళ్ళను ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చాడు. "ఎనిమిది గంటలు ఎలా చూసినా ఎనిమిదే కదమ్మా. ఒక్క నిమిషం ఎక్కువ అడగటం లేదే మేము."

"చొక్కా మధ్యకి చింపి, రెండు ముక్కలూ చేతిలో పెట్టి, గుడ్డ తగ్గలేదు కదా అన్నట్టుంది సార్ మీ మాట."

బాబాయి కిసుక్కున నవ్వాడు. అసిస్టెంట్ రిజిస్ట్రారు ఫైలులో తల దూర్చాడు. అప్పుడు ఉపన్యాసం మాస్టారు లేచాడు. ప్రపంచంలో కార్మికులు మొట్టమొదట ఎక్కడ ఏకమయ్యారో అక్కణ్ణుంచి ఎత్తుకున్నాడు. సముద్రాలు దాటాడు, శతాబ్దాలు దాటాడు. చివరికి, అధ్యాపకుల కార్లు ఎండలో మాడిపోతున్నాయి గనక వాటికి రేకుల కప్పు వేయించాలన్న దగ్గర దిగాడు. ప్రిన్సిపాలు ఎంతో సానుభూతిగా తలూపాడు. ముక్కల డ్యూటీ పాఠాలు చెప్పేవాళ్ళకు లేదు.

ఇంట్లో కాలేజీ ఊసు ఎత్తకూడదని మొగుడూ పెళ్ళాం ముందే అనుకున్నారు. ఆ నియమం పెట్టింది ఆయనే. "బల్లకి నువ్వు అటు, నేను ఇటు. అన్నం దగ్గర మాత్రం మనం మనమే," అన్నాడు. ఆ మాట అక్కకు నచ్చింది. ఎంత బూట్ల మనిషైనా లోపల పాతవాడు కొంత మిగిలే ఉన్నాడనుకుంది.

ఒకరోజు కరెంటు బాబాయి లైబ్రరీ వెనక వరండాలోకి ఆమెను పిలిచాడు. వాళ్ళావిడకు కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు మధ్యాహ్నం డయాలసిస్‌కు తీసుకెళ్ళాలి, ఇంటికి వచ్చేసరికి చీకటిపడుతోంది. అంతవరకు ఆయన పని నీళ్ళ పంపు ఆపరేటరు చూసుకుంటున్నాడు. పైవాళ్ళకు తెలీదు.

"నీకొక్కదానికే చెప్తున్నానమ్మా. తెలిస్తే నా సంగతి అటుంచు, ఆ పంపు కుర్రాడి మెడకు చుట్టుకుంటుంది. ముక్కల డ్యూటీ వచ్చిందా, నేను దాన్ని ఆసుపత్రిలో వదిలేసి రావాలి, అంతే."

అక్క ఆ సాయంత్రం వంటింట్లో ఆ మాట అత్తగారికి చెప్పింది. ఊసుపోక చెప్పలేదు. ఆసుపత్రుల్లో ఆవిడకు తెలిసినవాళ్ళున్నారు. పొద్దున పూట ఎక్కడైనా మంచం దొరుకుతుందేమో కనుక్కోమని అడిగింది. అత్తగారు నాలుగైదు పేర్లు చెప్పి, "పాపం, ఆ ఇల్లాలు నీళ్ళు కూడా కొలుచుకుని తాగాలే," అని నిట్టూర్చింది. హాల్లో స్టూలు మీద ఆయన బూట్లు తుడుచుకుంటున్నాడు. వంటింటికి తలుపు ఉంది గానీ ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వెయ్యలేదు.

మళ్ళీ చర్చలకు కూర్చున్నప్పుడు చప్పరింపు లాయరు ముఖం కొత్తగా వెలిగిపోతోంది.

"యాజమాన్యం రాయి కాదమ్మా. మానవత్వంతో ఆలోచించింది. ఇంట్లో జబ్బు మనుషులున్నవాళ్ళకు, అంటే ఉదాహరణకి డయాలసిస్ లాంటివి, సాయంత్రం పని నుంచి మినహాయింపు ఇవ్వడానికి మేం సిద్ధం," అన్నాడు. అలా అంటూ ఎవరి వంకా చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డాడంటే, ఎవరి వంక చూడటం లేదో గదిలో అందరికీ తెలిసిపోయింది.

బాబాయి చేతిలో పెన్ను ఆగిపోయింది.

టీ కోసం లేచినప్పుడు లాయరు ఆయన భుజం మీద చెయ్యి వేసి వరండా చివరికి తీసుకెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. అక్క ఎదురెళ్ళింది.

"ఏమన్నాడు బాబాయ్?"

"మినహాయింపు కాగితం రేపే ఇస్తాడంట. ఒప్పుకోకపోతే, సాయంత్రాలు పంపు దగ్గర ఎవరుంటున్నారో, కరెంటు గదిలో ఎవరుంటున్నారో విచారణ వేస్తాడంట. నవ్వుతూనే చెప్పాడు." ఆయన ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, ఈ మాట నేను చెప్పింది నీకొక్కదానికే."

"బాబాయ్, నేను వాళ్ళకి..."

"నువ్వు చెప్పావనటం లేదు. నీ దగ్గర్నుంచి పోయింది, అంతేగా." తన సంచి తీసుకున్నాడు. "నేను ఈ బల్ల దగ్గర కూర్చోలేను. ఇంకెవర్నైనా పెట్టుకో."

అక్క చాలాసేపు ఆ వరండాలోనే నిలబడిపోయింది. ఎక్కణ్ణుంచి పోయిందో వెతుక్కోవలసిన పనేమీ లేదు. స్టూలు, బూట్లు, తెరిచిన తలుపు. కోపం వస్తుందేమోనని చూసింది. రాలేదు. కోపం రావాలంటే ఎదుటివాడు మన ఎత్తులో ఉండాలి. చెప్పు కింద ఏదో మెత్తగా తగిలినప్పుడు కాలు వెనక్కి తీసుకుంటామే, అలాంటిదొకటి కలిగింది.

ఆ పూట ఆయన ఇంటికి వచ్చేసరికి కంచాలు పెట్టి ఉన్నాయి.

"మీరు భోంచేస్తారా?" అంది.

ఆయన తల ఎత్తి చూశాడు. ముఖం విప్పారింది. భార్యకు ఇన్నాళ్ళకు తన హోదా తెలిసొచ్చిందనుకున్నాడు కాబోలు, "వడ్డించు," అన్నాడు కాస్త బరువుగా. కూర ఇంకొంచెం వేసుకున్నాడు. మీకు మజ్జిగ పొయ్యమంటారా, మీకు దుప్పటి మార్చమంటారా అని ఆమె అంటుంటే నిజంగానే మురిసిపోయాడు.

ముసలావిడ మాత్రం మొదటి మాటకే కనిపెట్టింది. ఆయన పడకగదిలోకి వెళ్ళాక కోడలి పక్కన చేరింది.

"ఏమైందే? వాణ్ణి మీరంటున్నావు?"

"పెద్దమనిషయ్యారు కదా అత్తయ్యా."

"నా దగ్గరా నీ దాపరికం? చెప్పు."

అక్క చెప్పింది. అంతా విన్నాక ఆవిడ తన రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంది, తడి లేకపోయినా.

"చిన్నప్పుడూ అంతే," అంది చివరికి. "పక్కింటి పిల్లలు ఏం తిన్నారో వచ్చి నాకు చెప్పేవాడు. తెలివైనవాడు కాబోలని మురిశాను. చెంప మీద ఒక్కటి ఇవ్వాల్సింది." పడకగది వంక చూసింది. "వెళ్ళి అడుగుతావా?"

"అడిగితే ఏమంటారు? కాలేజీ మంచికేనంటారు."

"అంటాడు. అడక్కు మరి. గాడిదకి బరువు మొయ్యడమే సుఖమైతే, మనమే ఓ మూట ఎత్తుదాం. మోయనీ."

ఆ కాలేజీకి గుర్తింపు ఇవ్వాలా వద్దా అని చూడటానికి పైనుంచి తనిఖీ బృందం రాబోతోంది. ప్రిన్సిపాలుకు దానిమీదే ప్రాణం. గోడలకు రంగులు వేయించాడు, ఎండిన మొక్కలు పీకించి పచ్చటివి పాతించాడు. లైబ్రరీలో పాడుబడ్డ పుస్తకాలన్నీ బయట కనపడకుండా దాచమని అక్కకే కబురు పంపాడు. తనిఖీ చెడుతుందంటే ప్రిన్సిపాలు దేనికైనా దిగివస్తాడు గనక, అత్తాకోడళ్ళు దాన్నే ఎంచుకున్నారు.

మర్నాడు పొద్దున మొగుడు స్నానాల గదిలో గడ్డం గీసుకుంటున్నాడు. కొళాయి ధారగా పోతోంది. అక్క వంటింట్లోంచి, రహస్యం చెప్పేవాళ్ళు కాస్త గొంతు మర్చిపోతే ఎలా ఉంటుందో అలా అంది:

"అత్తయ్యా, మీలోనే ఉంచుకోండి. తనిఖీవాళ్ళు వచ్చే రోజున ఒక్కరూ కాలేజీకి రారు."

కొళాయి ఆగింది.

"అమ్మో అమ్మో! ఒక్కరూనా! తనిఖీ రోజునా!" అని అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకుంది. వీధి చివరి దాకా వినిపించేలా అరుస్తోందని అక్క ఆవిడ మోచెయ్యి గిల్లింది. ఆవిడ గొంతు తగ్గించి, "పాఠాలు చెప్పేవాళ్ళో?" అంది.

"వాళ్ళూ రారు. అసలు నడిపించేదే ఉపన్యాసం మాస్టారు. పైకి అలా కనపడతాడు గానీ లోపల నిప్పు. తనిఖీవాళ్ళకి గేటు దగ్గర తనే ఎదురెళ్ళి మాట్లాడతానన్నాడు."

ఉపన్యాసం మాస్టారు లోపల నిప్పు అనేసరికి ఆమెకు నవ్వు ముంచుకొచ్చింది. పోపు ఘాటుకన్నట్టు దగ్గింది. ఆయన ఆ రోజు ఒక చెంప సరిగ్గా గీసుకోకుండానే బయటికి వచ్చాడు. టిఫిను వద్దన్నాడు. బూట్లు తుడవలేదు. "అర్జెంటు పనుంది," అని వెళ్ళిపోయాడు.

కన్నకొడుకు వీధి మలుపు తిరిగేదాకా ముసలావిడ కిటికీలోంచి చూసింది. "పరిగెత్తుతున్నాడే," అంది. నవ్వబోయి నవ్వలేకపోయింది.

వచ్చే వారం జరగాల్సిన చర్చలు ఆ మధ్యాహ్నానికే పెట్టారు. ఇటువైపు కూడా నీళ్ళసీసాలున్నాయి. ప్రిన్సిపాలు లేచి వచ్చి ఉపన్యాసం మాస్టారి సీసా మూత తానే తిప్పి ఇచ్చాడు. మాస్టారు ఆ సీసాను బహుమతి పుచ్చుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు.

"మీరు ఇంత దూరం వెళ్తారని మేం అనుకోలేదు సార్," అన్నాడు లాయరు ఆయనతో, తేనె పూసిన గొంతుతో. "మీ నిర్ణయం ఇంకొక్కసారి ఆలోచించాలి."

మాస్టారికి ఆ నిర్ణయం ఏమిటో తెలీదు. కానీ పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని చూసి ఎవరూ భయపడలేదు. ఆ రుచి ఆయనకు కొత్త. లేచి నిలబడ్డాడు, గొంతు సవరించుకున్నాడు. "మేము వెనక్కి తగ్గే ప్రసక్తే లేదు!" అన్నాడు. ఇంకేం చెప్పాలో తోచక కూర్చున్నాడు. ఆయన జీవితంలో అతి చిన్న ఉపన్యాసం అదే, పనికొచ్చింది కూడా అదే.

ప్రిన్సిపాలు చెమట తుడుచుకున్నాడు. అక్క బల్లలో తన నీడనే చూస్తూ ఒక్కొక్కటే చెప్పింది. ముక్కల డ్యూటీ ఉండకూడదు. సాయంత్రానికి కొత్తవాళ్ళను తీసుకోవాలి. ఇంతవరకు ఎవరైనా ఒకరి పని ఒకరు సర్దుకుని ఉంటే దానిమీద విచారణలు వద్దు. లాయరు ఒక్కొక్కదానికీ కాసేపు మూలిగాడు, అలవాటు కొద్దీ. కార్లకు రేకుల కప్పు మాత్రం ఎవరూ అడక్కముందే ఇచ్చేశారు.

అసిస్టెంట్ రిజిస్ట్రారు అందరికంటే ఎక్కువ ఊపిరి పీల్చుకున్నాడు. ఆయన సగం గీసిన గడ్డం వంక అక్క ఒక్కసారి చూసి కళ్ళు తిప్పుకుంది.

తనిఖీ రోజు వచ్చింది. ఉద్యోగులంతా ఇస్త్రీ బట్టలతో వచ్చారు. బృందంవాళ్ళు పచ్చటి మొక్కలు చూసి, తిని, తాగి, మెచ్చుకుని పోయారు. ఆ సాయంత్రం ఆయన ఇంటికి వస్తూనే అమ్మనూ భార్యనూ హాల్లోకి పిలిచి కూర్చోబెట్టాడు.

"నన్ను డిప్యూటీ రిజిస్ట్రారును చేస్తున్నారు," అన్నాడు. "ఎందుకో తెలుసా? చెప్పకూడదు గానీ చెప్తాను. మీవాళ్ళు తనిఖీ రోజు ఏం చెయ్యాలనుకున్నారో మాకు ముందే తెలిసింది. సమయానికి చెప్పింది నేనే. నేను చెప్పకపోతే కాలేజీ పరువు పోయేది, మీ ఉద్యోగాలు ఊడేవి. నా పేరు బయటికి రాదు, రానక్కర్లేదు. రెండు పక్షాలనీ కాపాడాను, నాకదే చాలు."

అలా అంటుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. అబద్ధపు కన్నీళ్ళైతే అక్క భరించేదే. అవి నిజమైనవి.

"కరెంటు బాబాయి ఇంటి సంగతి కూడా మీరే చెప్పారా?"

ఆయన తడబడ్డాడు. "అది... ఆయన మంచికే కదా. ఆయనకి మినహాయింపు ఇప్పిద్దామనే."

"పంపు కుర్రాడి మీద విచారణ కూడా ఆయన మంచికేనా?"

"అది లాయరు గారి ఆలోచన. నాకేం సంబంధం?"

ఈ గెలుపు సంగతి చెప్పి ఆయన ముఖం చూడాలని ఆమె ఎన్ని రోజులుగానో అనుకుంటోంది. ఇప్పుడు ఆ సరదా కూడా పోయింది. లెక్క సరిచేస్తున్నట్టు ఊరికే చెప్పేసింది. "తనిఖీ రోజు మానేద్దామని ఎవరూ అనుకోలేదు. అలాంటి ఆలోచనే లేదు. మీరు వినాలని నేనూ అత్తయ్యా అనుకున్న మాటలవి."

ఆయన తల్లి వంక చూశాడు. ఆవిడ కాదనలేదు. ఆయన ముఖంలో ఒకటొకటిగా ఏవేవో మారాయి. అవమానపడతాడని, అరుస్తాడని, కనీసం కుంగిపోతాడని అక్క ఎదురుచూసింది. ఆయన లేచి వెళ్ళి వీధి తలుపు మూసి వచ్చాడు.

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పారా?" అన్నాడు మెల్లగా.

ముసలావిడ కుర్చీలోంచి లేచింది. "ఇంతేనట్రా?" అంది. జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఒప్పందం మీద ఓటు వెయ్యడానికి రెండు సంఘాలవాళ్ళూ పెద్ద మెట్ల తరగతిగదిలో కలిశారు. ఉపన్యాసం మాస్టారు యాజమాన్యం కళ్ళలోకి తానెలా చూశాడో, అది ఎలా గడగడలాడిందో చెప్పాడు. ఆ గడగడ ఎందుకో ఆయనకు ఇంకా తెలీదు, తెలుసుకుందామనీ లేదు. చప్పట్లు మోగాయి. చివరి మెట్టు మీద కరెంటు బాబాయి లేచాడు.

"ఒప్పందం బాగుంది. నేనూ చెయ్యెత్తుతాను. కానీ నా పెళ్ళాం జబ్బు సంగతి లాయరు దాకా ఎలా పోయిందో నాకెవరైనా చెప్పాలి."

"ఇటువంటి వ్యక్తిగత విషయాలు ఈ వేదిక మీద..." అని మాస్టారు అందుకోబోయాడు.

"ఈ వేదిక మీదే కావాలి మాస్టారూ, కూర్చోండి," అంది అక్క. "మా ఇంట్లోంచి పోయింది బాబాయ్. సాయం దొరుకుతుందేమోనని మా అత్తయ్యకు చెప్పాను. మా ఆయన విని మోసుకెళ్ళారు. మా ఇంట్లో తలుపు వేసుకుని మాట్లాడుకోవాలని నాకు తెలీలేదు. ఈ పూటతో నేను కార్యదర్శి పని మానేస్తున్నాను."

గదిలో గుసగుసలు లేచాయి. ఎవరో వద్దక్కా అన్నారు. బాబాయి కదల్లేదు.

"తెలీకపోవడమేంటమ్మా. అతను సంఘం వదిలిన రోజే నాకు తెలిసింది. ఇంట్లో ఉండి నీకు తెలీలేదా?"

కౌంటరు అవతల నిలబడ్డ ప్రతివాడినీ చూడగానే పట్టేసే మనిషి, తన హాల్లో స్టూలు మీద కూర్చున్నవాణ్ణి పట్టుకోలేకపోయింది. కాదు, పట్టుకోవడం ఇష్టం లేక చూడలేదు. బాబాయి చూపులో తిట్టేమీ లేదు. తను మొగుణ్ణి చూసే చూపే కాస్త పలచగా ఇప్పుడు తన మీదికి వచ్చిందని ఆమెకు అర్థమైంది. చేతులు లేచాయి, ఒప్పందం నెగ్గింది. బాబాయి కూడా చెయ్యెత్తాడు, ఆమె వంక చూడకుండా.

ఆమె అన్న మాట సాయంత్రానికి మొగుడికి చేరిపోయింది. ఇంటికి వచ్చి మొదట అడిగింది ఒక్కటే. "తనిఖీ సంగతి కూడా చెప్పావా?" చెప్పలేదంది. "సరే పోనీ," అన్నాడు. వార్తలు మోశాడన్న పేరు వచ్చినందుకు ఆయనకు పెద్ద బాధ లేదు. యాజమాన్యం దృష్టిలో అదొక అర్హత.

కొత్త పదవితో పాటు కాలేజీ ఆవరణలో క్వార్టర్సు ఇచ్చారు. మూడు గదులు, ముందు తోట, వెనక వసారా. ఆయన తాళంచెవి తెచ్చి బల్ల మీద పెట్టి, ఆదివారం మారదామన్నాడు.

"మీరు మారండి. నేను ఇక్కడే ఉంటాను," అంది అక్క.

"అదేంటి? నలుగురూ ఏమనుకుంటారు?"

"అనుకున్నది మీకు ఎలాగూ తెలుస్తుంది కదండీ."

ఆయన తల్లి వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పమ్మా. నువ్వు నాతో వస్తావుగా?"

ఆవిడ చిక్కుడుకాయలు గిల్లుతోంది. "నేనెందుకురా? గోడలకు చెవులుంటాయంటారు. నీకు తోడు అవి చాలు," అంది తల ఎత్తకుండా.

ఆయన కొన్నాళ్ళు అలిగాడు, కొన్నాళ్ళు బతిమాలాడు. చివరికి ఒక పెట్టె, పరుపు, బూట్ల డబ్బా ఆటోలో వేసుకుని వెళ్ళాడు. ఇల్లు రిపేర్లలో ఉందని, ఆడవాళ్ళు తర్వాత వస్తారని ఆఫీసులో చెప్పుకున్నాడట. ఆ మాట చెప్పుకోవడం కూడా ఆయనకు బాగానే వచ్చింది.

ఆదివారాలు భోజనానికి వస్తాడు. అక్క వడ్డిస్తుంది. కూర బాగుందా అండీ అంటుంది, ఇంకొంచెం వేయమంటారా అంటుంది. ఆయన బాగుందంటాడు. ఒకసారి ముద్ద కలుపుతూ, "మా ప్రిన్సిపాలు గారు ఏమన్నారంటే," అని మొదలుపెట్టి, ఇద్దరి వంకా ఒక్కసారి చూసి ఆగిపోయాడు. ఏదో లెక్క వేసుకుని, ఎండలు ముదిరాయి అన్నాడు.

"అవునండీ," అంది అక్క. "మీరు గొడుగు తెచ్చుకోవాల్సింది."